సున్నాకు దగ్గరపడిన తరగతి

సున్నాతో భాగించకూడదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచి ఈ మాట చెబుతూనే ఉన్నాను. ఎందుకు కూడదో కూడా చెబుతున్నాను. అయినా ఏటా ఎవరో ఒకరు ఒకటి బై సున్నా ఈజీక్వల్టు అని రాసి, పక్కన అనంతం గుర్తు వేసి, దాని కింద రెండు గీతలు కొట్టి మరీ పేపరు చేతిలో పెడతారు. తప్పు రాస్తే రాశారు, ఆ రెండు గీతలెందుకని ఒళ్ళు మండేది. ఈమధ్య మండటం కూడా తగ్గింది. ఎర్ర పెన్నుతో చుట్టి పక్కన పెట్టేస్తున్నాను.

నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఇల్లు మదనపల్లెలో, ఉద్యోగం మొన్నమొన్నటిదాకా పుంగనూరులో. పొద్దున బస్సెక్కితే తొలి గంటకు కాలేజీలో ఉండేదాన్ని, సాయంత్రం చీకటి పడేలోపు ఇంట్లో ఉండేదాన్ని. చీకటి పడేలోపు ఇల్లు చేరడం మా ఇంట్లో చాలా ముఖ్యం. మా ఆయనకు రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చింది. బోరు మోటార్లకు వైండింగు చేసే షాపు ఆయనది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడట. కాలు తొందరగానే తేరుకుంది, కుడి చెయ్యి మాత్రం మొండికేసింది. కసరత్తులు చేయించడం, అన్నం కలిపి పెట్టడం, మందులు వేయడం, బాత్రూముదాకా వెంట నడవడం అన్నీ నా పనులే. మధ్యాహ్నం ఒక్కపూట మాత్రం వీధి చివర ఉండే మా ఆడబిడ్డ వచ్చి చూసి వెళ్ళేది. మాకు పిల్లలు లేరు.

అందుకని పుంగనూరు నుంచి నన్ను కదిలిస్తే నా సంసారం కదిలిపోతుంది. కదిలిస్తే ఎక్కడికో కూడా తెలుసు. కుప్పంలో లెక్కల పోస్టు ఖాళీగా ఉంది. మదనపల్లె నుంచి కుప్పమంటే పుంగనూరు, పలమనేరు, వి.కోట అన్నీ దాటుకుని పోవాలి, రోజూ పోయివచ్చే దూరం కాదు. అక్కడో గది తీసుకుని, ఒక్కదానికే ఇంత వండుకుని, వారానికోసారి ఇంటికి రావాలి. ఆ వారమంతా ఈయన్ని ఎవరు చూస్తారు? బస్సు కిటికీ పక్కన కూర్చున్నప్పుడల్లా నాకు అదే ఆలోచన.

నా పోస్టు తెలుగు మీడియం సెక్షన్ మీద నిలబడి ఉంది. ఫిజిక్సువాళ్ళూ కెమిస్ట్రీవాళ్ళూ రెండు మీడియాలనూ ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పేసేవాళ్ళు. ఇంగ్లీషు మీడియం లెక్కలకు వేరే సారు ఉన్నాడు. తెలుగు సెక్షన్‌లో పిల్లలున్నంతకాలమే నాకు అక్కడ పని. వచ్చిన కొత్తలో ఆ గదిలో కాలు పెట్టే చోటుండేది కాదు, బెంచీకి చాలక కిటికీ గట్టు మీద కూర్చునేవాళ్ళు. తర్వాత గట్టు ఖాళీ అయింది. తర్వాత వెనక బెంచీలు ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత బెంచీకి ఒకరు. పోయిన ఏడు ఇద్దరు, ఆ ఇద్దరూ రెండో ఏడుకు ఇంగ్లీషు మీడియంలోకి మారిపోయారు.

మే నెలలో మాకు సెలవులని లోకం అనుకుంటుంది. నిజానికి అప్పుడు కరపత్రాలు పట్టుకుని పల్లెల మీద పడతాం. రామసముద్రం వైపు కొందరు, పెద్దపంజాణి వైపు కొందరు. పది పాసైన పిల్లలున్న ఇల్లు ఎక్కడని అడుగుతూ, ఎండలో గడప ముందు నిలబడి, మంచినీళ్ళు అడిగి తాగి, మీ పిల్లను మా కాలేజీలో చేర్చండని బతిమాలాలి. "ఓటరు లిస్టా అమ్మా?" అని అడిగినవాళ్ళున్నారు. ఒకప్పుడు కూలికి పోయిన ఇళ్ళే అవి. ఇప్పుడు ఇంటికొకరు నెలజీతం మీద ఉన్నారు, కంపెనీలో షిఫ్టులనో, బెంగుళూరులో సెక్యూరిటీ అనో. "తెలుగు మీడియమా మేడం? మేము తెలుగులో సదివే ఇట్లుండాము. మా వోడన్నా ఇంగ్లీషులో సదవనీ" అంటారు. నేనేమని వాదించను? నాకూ పిల్లలుంటే ఇంగ్లీషులోనే వేసేదాన్నేమో. కరపత్రం చేతిలో పెట్టి, పక్క ఇంటికి నడిచేదాన్ని.

ఈ ఏడు అంత తిరిగితే వచ్చింది ఒక్క పిల్ల. అదీ నేను తెచ్చిన పిల్ల కాదు. పెద్దపంజాణి దగ్గర పల్లె, వాళ్ళ నాన్న పాల వ్యాను నడుపుతాడు. తనే వచ్చి, "ఇంగ్లీషంటే బయం మేడం" అని చేరింది. ఒక్కరున్నా సెక్షన్ ఉన్నట్టేనని మా ప్రిన్సిపాల్ పైవాళ్ళను ఎలాగో ఒప్పించుకొచ్చాడు. "గట్టెక్కినాం మేడం, ఈ ఏడాదికి" అన్నాడు. ఆ పిల్లకు ఒక దండం పెట్టాలనిపించింది నాకు.

ఒక్క పిల్లకు పాఠం చెప్పడం ఎవరూ నేర్పరు. నేను అలవాటు కొద్దీ హాజరు పిలిచేదాన్ని. ఆ పిల్ల లేచి నిలబడి "ప్రెజెంట్ మేడం" అని కూర్చునేది. బోర్డు మీద రాసి, "అందరూ రాసుకున్నారా?" అనేదాన్ని. ఒకసారి బయట ఎవరో నవ్వితే డస్టరుతో బల్ల మీద కొట్టి "సైలెన్స్" అన్నాను. పాపం, ఆ పిల్ల ఉలిక్కిపడి, ఊరకే ఉన్న నోటిని ఇంకా గట్టిగా మూసుకుంది. నాకు నవ్వొచ్చింది, తనకు రాలేదు. అప్పుడే గమనించి ఉండాల్సింది.

చలికాలం మొదట్లో అవధులకు వచ్చాం. లిమిట్‌ను మా తెలుగు పుస్తకం అవధి అంటుంది. ముందు సున్నా సంగతి తేల్చనిదే అవధి ఎక్కదు కాబట్టి, ఎప్పటిలాగే సంగటితో మొదలుపెట్టాను. పెద్ద సంగటి ముద్ద ఒకటుంది, నలుగురికి పంచితే తలా పావు, ఇద్దరైతే తలా సగం, ఒక్కరే అయితే ముద్ద మొత్తం. మరి తినేవాళ్ళే లేకపోతే తలా ఎంత?

"ముద్ద అట్లే ఉంటాది మేడం" అంది.

"ముద్ద ఉంటుంది. తలా ఎంత అని అడుగుతున్నా. తలలే లేవు కదా. ప్రశ్నే చెల్లదు. అందుకే సున్నాతో భాగించడం లేదు."

తర్వాత క్యాలిక్యులేటర్ చేతికిచ్చాను. ఒకటిని పదో వంతుతో భాగిస్తే పది. నూరో వంతుతో అయితే నూరు. కిందిది చిన్నదయ్యేకొద్దీ జవాబు పెరుగుతూ పోతుంది. అందుకే పిల్లలు అనంతం అని గీతలు కొట్టేస్తారు. కానీ అదే సున్నా దగ్గరికి మైనస్ వైపు నుంచి వస్తే మైనస్ పది, మైనస్ నూరు అంటూ పాతాళానికి దిగిపోతుంది. ఒక పక్క నుంచి వచ్చినవాళ్ళు ఆకాశంలో, ఇంకో పక్క నుంచి వచ్చినవాళ్ళు పాతాళంలో. ఇద్దరూ కలిసే చోటు లేదు కాబట్టి అక్కడ అవధీ లేదు. ఆ పిల్ల తలూపింది.

మర్నాడు సున్నా బై సున్నా. పైన ఎక్స్ స్క్వేర్ మైనస్ ఒకటి, కింద ఎక్స్ మైనస్ ఒకటి. ఎక్స్ బదులు ఒకటి వేస్తే పైనా సున్నా, కిందా సున్నా. సున్నాను సున్నాతో కొట్టేసి ఒకటి అని రాసేవాళ్ళను చాలామందిని చూశాను. అలా కాదు, పైదాన్ని కారణాంకాలుగా విడగొట్టి, ఎక్స్ ఒకటి కాదు కాబట్టి కిందా పైనా ఉన్న ఎక్స్ మైనస్ ఒకటిని కొట్టేస్తే, ఎక్స్ ప్లస్ ఒకటి మిగులుతుంది. ఎక్స్ ఒకటికి చేరేకొద్దీ అది రెండుకు చేరుతుంది. అవధి రెండు. కళ్ళు మూసుకుని చెప్పగలను దీన్ని. సగం మూసుకునే చెబుతున్నాను.

"మేడం" అంది ఆ పిల్ల. "కొట్టేసేటప్పుడు ఎక్స్ ఒకటి కాదంటిరి. కొట్టేసినాక మళ్ళా ఒకటి పెడతాండారు. ఒకటా, కాదా?"

నా చేతిలో చాక్‌పీస్ ఆగింది. ఇన్నేళ్ళలో నన్ను ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. గది నిండా పిల్లలున్నప్పుడు ఎవరికి తోచినా, పక్కవాడు నవ్వుతాడని మింగేసి ఉంటారు. నేను కుర్చీ లాక్కుని ఆమె బెంచీ ముందే కూర్చున్నాను.

"ఒకటి పెట్టడంలేదమ్మా. ఒకటి దగ్గర ఏముందని కూడా అడగడంలేదు. అక్కడికి పోయే దారి ఎటు పోతోందని అడుగుతున్నా. చెయ్యి, చూద్దాం."

చేసింది. పాయింట్ తొమ్మిది పెడితే ఒకటి పాయింట్ తొమ్మిది. పాయింట్ తొమ్మిది తొమ్మిది పెడితే ఒకటి పాయింట్ తొమ్మిది తొమ్మిది. ఒకటి దాటి అటువైపు నుంచి వస్తే రెండుకు కాస్త ఎక్కువ. ఖచ్చితంగా ఒకటి పెడితే మాత్రం క్యాలిక్యులేటర్ తప్పని చూపించింది.

"ఆడ గుంత ఉండాది" అంది.

"గుంత ఉన్నా, రోడ్డు ఎక్కడికి పోతోందో కనబడుతుంది కదా. ఆ చోటే అవధి. గుంతలో కాలు పెట్టమని ఎవరూ అనడంలేదు."

ఆ రోజు బస్సులో సీటు దొరక్కపోయినా నాకు కాళ్ళు నొప్పి తెలియలేదు. నిలబడే లెక్క వేసుకున్నాను. నా గంటను గది నిండా ఉన్న పిల్లలకు పంచితే తలా ఒక నిమిషం కూడా వచ్చేది కాదు. ఇద్దరున్నప్పుడు తలా అరగంట. ఇప్పుడు ఈ పిల్లకు గంట మొత్తం. పిల్లలు తగ్గేకొద్దీ ఒక్కొక్కరి వాటా పెరిగి పెరిగి, ఒకటి బై ఎక్స్‌కు బోర్డు మీద నేను గీసే గీత లాగే పైకి లేచింది. ఇంత చదువు ఈ చుట్టుపక్కల ఏ ఫీజు కట్టినా దొరకదని గర్వపడ్డాను. ఆ పిల్ల ఒక్క రోజు కూడా మానకపోవడం కూడా ఆ గర్వంలో కలిపేసుకున్నాను. అడిగినప్పుడల్లా "అర్తమైంది మేడం" అనేది. బంగారం లాంటి పిల్ల అనుకున్నాను.

ఆ తర్వాతి వారం, గంట కొట్టినా పిల్ల లేవలేదు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది.

"మేడం, ఏమీ అనుకోవద్దండి. నేను ఆ సెక్షన్లోకి పోతాను."

"ఏ సెక్షన్?"

"ఇంగ్లీషు మీడియం. పరీక్ష ఫీజు కట్టేలోపల మారచ్చునంట. మీరు సంతకం పెడితే సాలునంట."

"ఇంగ్లీషంటే భయమన్నావు కదా?"

"బయమే మేడం."

"మరి యాల?" ఎందుకని అడగబోతే, నాకు తెలియకుండానే మా ఊరి మాట వచ్చేసింది.

ఆ పిల్ల జిప్పును చివరిదాకా లాగింది. మాట్లాడ్డం మొదలుపెట్టాక ఆపలేదు. "ఈడ నేనొక్కదాన్నే కదా మేడం. మీరు రాసి ఇట్ల తిరిగితే నన్నే సూస్తారు. అర్తమైందా అంటే నేనే సెప్పల్ల. కాలేదు అంటే మళ్ళా మొదట్నించీ సెప్తారు. అప్పుడూ కాలేదు అంటే మీ మొగం ఎట్లో అయిపోతాది. ఎన్నిసార్లు అనల్ల? అందుకే అర్తమైంది అని అబద్దం సెప్తాండాను. మొన్న జొరమొచ్చింది. మా అమ్మ పోవద్దు అనింది. నేను రాకుంటే మీరు ఖాళీ రూములో కూసుంటారని వచ్చేసినాను. మీరు నా ఒక్కదాని కోసరం మదనపల్లె నుంచి వస్తాండారని ఆ అటెండరు అంకులు కూడా సెప్తాడు. రేత్రి పండుకుంటే అదే గ్యాపకం వస్తాది మేడం. ఆ రూములో అయితే శానామంది ఉండారు. యాడో వెనక కూసుంటాను. నన్నెవురూ సూడరు."

"ఆ రోజు ప్రశ్న అడిగావు కదా. ఒకటా, కాదా అని. అదైనా అర్థమైందా?"

"అది అర్తమైంది మేడం" అంది. అది నిజమో, నా ముఖం చూసి అన్నదో నాకు తెలియలేదు. ఇక తెలియదు కూడా.

ప్రిన్సిపాల్‌కు చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "ఆ పాప పోతే సెక్షన్ సున్నా. సున్నా మీద మిమ్మల్ని నేను ఎట్ల చూపించేది? నెలలోపల కుప్పం ఆర్డరు వస్తుంది. మీ ఇంట్లో సారు పరిస్థితి నాకు తెలుసు. మార్చిదాకా ఆపండి మేడం. మీరు ఒక్క మాట చెబితే ఆ పాప కాదనదు." కాదనదని నాకూ తెలుసు. జ్వరంతో వచ్చిన పిల్ల కాదంటుందా? ఒక్క మాట చాలు నాకు, మా ఇల్లు ఈ ఏడాదికి కదలకుండా ఉండటానికి.

మర్నాడు ఆ మాట అందామనే గదిలోకి వెళ్ళాను. అనలేక, పాఠం మొదలుపెట్టాను. కనీసం చూడకుండా చెబుదామని కిటికీ వైపు తిరిగి చెప్పాను. అక్కడేముందోనని పిల్ల కూడా కిటికీ వైపు చూసింది. బోర్డు వైపు తిరిగి చెబితే మెడ నొప్పెట్టింది. ఎటు తిరిగినా గదిలో మేమిద్దరమే. గంట మొత్తం ఒక్కరి మీద పడితే అది ఎంత బరువో, అంత లెక్క వేసిన నాకు అప్పటిదాకా తోచలేదు. గంట కాకముందే కాగితం అడిగి సంతకం పెట్టేశాను. పిల్ల "థ్యాంక్స్ మేడం" అంది, బ్యాగు భుజాన వేసుకుంది, గడప దాటగానే పరిగెత్తింది. ఆ పరుగు చూసి నాకు ఏడుపు వచ్చింది. ఇంత తొందరా నన్ను వదిలించుకోవడానికి?

నెల తిరగకముందే ఆర్డరు వచ్చింది. ఇంట్లో అప్పటిదాకా చెప్పలేదు. ఆయనకు అన్నం పెడుతూ చెప్పాను. పిల్ల అన్న మాటలతో సహా చెప్పాను. కుప్పం పోలేనని, సెలవు పెట్టేస్తానని, జీతం లేకపోయినా ఎలాగో గడుస్తుందని, మిమ్మల్ని వదిలి ఎలా పోతానని ఏదేదో అన్నాను. ఆయన మాట ఇంకా కొంచెం నిదానం. అంతా విని, "ఆ పాప ఏమనింది? మళ్ళా సెప్పు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను.

"నేనూ అంతే కదా" అన్నాడు.

"ఏమి అంతే?"

"సెయ్యి ఎట్లుండాదని పొద్దున అడుగుతావు. సాయంత్రం అడుగుతావు. నిన్నటికంటే మేలు అంటాను. మేలేమీ లేదు. నువ్వు అట్ల సూస్తా నిలబడితే ఇంకేమి సెప్పేది? నేను స్పూను ఎత్తేలోపల నీ సెయ్యి వచ్చేస్తాది. ఒలికితే ఒలకనీ అనవు. బాత్రూములో ఒక్క నిమిషం లేటైతే తలుపు తడతావు. షాపు కాడికి పోతానంటే పడతారంటావు. పడితే లేస్తాను. లేకుంటే ఎవురో ఒకరు లేపుతారు." ఆయాసం తీర్చుకున్నాడు. "నువ్వు కుప్పం పో. సెల్లెలుండాది గదా, పిలిస్తే పలుకుతాది. నాకూ రోంత గాలాడనీ."

నాకు పట్టరాని కోపం వచ్చింది. రెండేళ్ళు! నా నిద్ర, నా నడుము, నా ఆదివారాలు అన్నీ ఈయన చేతిలో పోస్తే, గాలాడటం లేదట. కంచం అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్ళాను. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. తిరిగి వచ్చి చూస్తే ఆయన ఎడమ చేత్తో స్పూను పట్టుకుని తింటున్నాడు. చొక్కా నిండా మెతుకులు. కంచం ఖాళీ అవుతోంది. తినడం అయ్యాక కంచం తీశాను.

సోమవారం పొద్దున కుప్పం బయల్దేరాను. రెండు బ్యాగులు గుమ్మం దగ్గర పెట్టాను. బస్టాండుదాకా తానూ వస్తానన్నాడు. ఆటో పిలిచాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుడి చేత్తో పై గుండీ పట్టుకున్నాడు. వేళ్ళు జారాయి. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. నా చెయ్యి దానంతటది లేచింది. ఆయన చూశాడు. నేను చెయ్యి దించి, గోడ వైపు తిరిగి నిలబడ్డాను. బయట ఆటో హారన్ కొడుతోంది. వెనక ఆయన ఊపిరి, గుడ్డ రాపిడి, మళ్ళీ ఊపిరి. బస్సు టైము దాటిపోతోంది. అయిందా అని అడగలేదు.